ఆమె అందుబాటులో లేరు

పన్నెండేళ్లుగా ఒక్క వాక్యాన్ని మోస్తున్నాను. నేను రాసిందే. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అప్పుడు విజయనగరంలో విలేకరి పని నేర్చుకుంటున్నాను. ఎవరి మీద రాస్తున్నామో వాళ్ల గుమ్మం ఎక్కి అడక్కుండా ఒక్క అక్షరం రాయొద్దని మాకు పాఠం చెప్పే మాస్టారు రోజూ పోరేవారు. ఆ మాట నోట్సులో రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను. ఏం లాభం?

మొదటి వార్త కోసం చీపురుపల్లి దగ్గర ఓ ఊరి బడికి వెళ్లాను. మధ్యాహ్న భోజనంలో పురుగులొస్తున్నాయని, వంటామె పైడమ్మ బియ్యం సరిగ్గా ఏరదని ఇద్దరు తల్లులు చెప్పారు. ఆమె ఇల్లు వీధి చివరే. వేలు పెట్టి చూపించారు కూడా. ఇంతలో బస్సొచ్చింది. ఎక్కేశాను. అది పోతే ఇంకో గంట కూర్చోవాలి, అంతే. ఎండకు జడిశానా? బద్ధకమా? ఆమె ఏదైనా చెబితే నా వార్త పలచబడిపోతుందని భయపడ్డానా? మూడోదే నిజమని తెలిసీ, మొదటి రెండింటితో ఇన్నాళ్లూ నన్ను నేను బుజ్జగించుకున్నాను.

వార్త చివర అందరూ రాసేదే రాశాను. 'వివరణ కోసం ప్రయత్నించగా ఆమె అందుబాటులో లేరు.' మాస్టారు బాగుందన్నారు. పైడమ్మను పనిలోంచి తీసేశారు.

వారం తర్వాత ఆమె ఆ పేపరు ముక్క మడిచి పట్టుకుని ఆఫీసుకొచ్చింది. రాసింది నేనని తెలియదు. నన్నే అడిగింది.

"నాను లేనని రాసీసినారు తల్లీ. ఆ పొద్దంతా ఇంటికాడే ఉన్నాను. పురుగు బియ్యం వచ్చినాయని ముందు బళ్లో సెప్పింది నానే. అడిగితే సెప్పీదాన్ని కాదేటి? ఎవులొచ్చినారు?"

కనుక్కుని చెబుతానన్నాను. సిగ్గులేకుండా మంచినీళ్లు కూడా ఇచ్చాను. ఆమె తాగి, నాకు దణ్ణం పెట్టి వెళ్లింది. తర్వాత ఆమె ఎలా బతికిందో నేను కనుక్కోలేదు. కనుక్కోవడమే నా వృత్తి.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు ఆ గుమ్మం పాఠం నేనే చెబుతున్నాను. చెప్పేవి శ్రీరంగనీతులు! మొన్న ఒకమ్మాయి తన వార్త చివర అదే వాక్యం రాసి తెచ్చింది. నిజంగా వెళ్లావా అని అడగాలి. తర్వాత చూస్తానని పంపేశాను. ఆ కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది. దాన్ని దిద్దేముందు ఇది రాయాలి అనిపించింది.

క్షమించమనను. ఆమె అడిగినదానికి జవాబొక్కటే బాకీ.

ఎవరూ రాలేదు పైడమ్మా. నీ ఇల్లు చూసి కూడా నేను బస్సెక్కేశాను.