ఐదుగురు అమీర్ జాన్‌లూ, హెప్సీ అక్క ప్రశ్నలూ

హెప్సీ అక్కకు ఉన్నది ఒకటే జబ్బు: ప్రశ్నలు. గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమా రాతి క్వారీల పక్కనున్న ఆ చిన్న ఆస్పత్రికి ముల్లు గుచ్చుకుని వచ్చినవాడు కూడా ఈ నర్సమ్మకు తన వంశచరిత్రంతా అప్పజెప్పందే బయటపడేవాడు కాదు.

"అమ్మ ఉందా నాయనా? ఇంట్లో నిన్నేమని పిలుస్తారు?"

"అక్కా, ముల్లు..."

"ముల్లెక్కడికీ పోదులే. చెప్పు."

2005లో ఆ ఆస్పత్రికి కంప్యూటర్ వచ్చింది. ఒకటే ఒకటి, అదీ దుబాయ్‌లో ఎవరో వాడి వదిలేసింది. అయితేనేం! కాగితాల ఫైళ్లు ఖలాస్ అంటూ బ్లెస్సన్ చంకలు గుద్దుకున్నాడు. దాన్ని నడపడానికే భీమవరం నుంచి దిగిన ఆపరేటర్ మరి.

వివరాలు ఎక్కించేది మాత్రం హెప్సీ అక్కే, ఒంటివేలితో. 'ఇతర వివరాలు' అనే గడి కనబడిందా, ఆవిడకు పండగే. "మేకలంటే ప్రాణం. చెల్లెలి పెళ్లి కుదిరింది." బయట లైను ఒమన్ సరిహద్దు దాకా పాకేది.

"ఇది ఆస్పత్రి రికార్డు అక్కా! పెళ్లిళ్ల పేరయ్య పుస్తకం కాదు!" అని బ్లెస్సన్ అరిచేవాడు.

"అరవకు. ఇడ్లీ తిను," అని ఆవిడ డబ్బా మూత తీసేది.

వారం తిరక్కుండా బ్లెస్సన్ ఓ ఘనకార్యం చేశాడు. తెరమీద అమీర్ జాన్ అనే క్వారీ కూలీ పేరు ఐదుసార్లుంది. అదే కంపెనీ, అదే పుట్టినరోజు, జనవరి ఒకటి. అక్క ఒకడినే ఐదుసార్లు ఎక్కించిందనుకుని ఐదింటినీ కలిపి ఒకటి చేసేశాడు. పుట్టిన తేదీ తెలియనివాళ్లకు పాస్‌పోర్టులో జనవరి ఒకటే వేస్తారని ఆ మహానుభావుడికి తెలియదు. దాంతో ఒకే మనిషికి మూడు బ్లడ్ గ్రూపులొచ్చాయి.

మర్నాడే ఒక అమీర్ జాన్‌ను మోసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, పలవరిస్తున్నాడు. అల్మరాలో ఉన్నది పెన్సిలిన్ ఒక్కటే. డాక్టరుగారు సూది పట్టుకుని, "ఇతనికి పడుతుందా? యల్లా, త్వరగా చూసి చెప్పు!" అన్నారు.

తెరమీద మూడు బ్లడ్ గ్రూపులు చూశాక గానీ వీళ్లు ఐదుగురు వేరువేరు మనుషులని బ్లెస్సన్‌కు వెలగలేదు. ఐదుగురిలో ఒకడికి పెన్సిలిన్ ఇస్తే ప్రాణం మీదికొస్తుందని రాసి ఉంది. ఆ ఒకడు ఇతనేనా?

"అక్కా, అందర్నీ కలిపేశాను!"

హెప్సీ అక్క తిట్టలేదు. 'ఇతర వివరాలు' తెరిచి, అక్కడ వరసగా ఉన్న ఐదుగురి ముద్దుపేర్లూ చూసి, రోగి చెవి దగ్గర వంగింది.

"గుడ్డూ!" ఉలుకూ పలుకూ లేదు. "లాలా!" ఊహూఁ. "షేరూ బేటా!"

అతను కళ్లు తెరిచాడు. "జీ, అమ్మీ."

షేరూ పేరు పక్కన అక్క ఎప్పుడో రాసింది: "పెన్సిలిన్ పడింది. సూదంటే భయం. చెయ్యి పట్టుకోవాలి." డాక్టరుగారు సూది వేశారు. అక్క చెయ్యి పట్టుకుంది. సాయంత్రానికి అమీర్ జాన్ లేచి కూర్చుని టీ అడిగాడు.

"ఇలా జరుగుతుందని తెలిసే రాశారా అక్కా?"

"నాకేం తెలుసు నాయనా! క్వారీలో వీళ్లను నంబరు పెట్టి పిలుస్తారు. జ్వరమొచ్చినప్పుడైనా ముద్దుపేరుతో పిలిచేవాళ్లు ఒకరుండొద్దూ?"

మర్నాడు బ్లెస్సన్ బుద్ధిగా ఐదుగురినీ విడదీస్తూ కూర్చున్నాడు. మధ్యలో తన పేరే కనబడింది.

"బ్లెస్సన్. ఇంట్లో పేరు బుజ్జులు. ఆకలేస్తే జనం మీద అరుస్తాడు. మందు: రోజూ పదింటికి నాలుగు ఇడ్లీలు."

గడియారం చూశాడు. పదీ ఐదు.

"అక్కా!" అని అరిచాడు. "నా మందేదీ?"