ముఖీత్ మేకులు

గల్ఫ్‌లోని అల్ హైల్ లేబర్ క్యాంపులో కడప ముఖీత్ ఎదురైతే ఎవరైనా పక్కకు తప్పుకుంటారు. ఆరు రోజులు సైట్‌లో ఇనుప కడ్డీలు వంచి వంచి అతని భుజాలు బండబారాయి. శుక్రవారం పొద్దున్నే గులకరాళ్ల నేల మీద క్రికెట్ మ్యాట్ పరిచి అంచుల వెంట మేకులు దిగగొడతాడు. మేకుకు ఒక్కటే దెబ్బ. తర్వాత బంతి అందుకుని, వికెట్లను వదిలేసి మనిషి పక్కటెముకలకు గురిపెడతాడు. ఎవడైనా కూలబడితే వెళ్లి నీళ్లు తాగించి, మళ్లీ అక్కడికే వేస్తాడు.

తొంభై మూడులో వాళ్ల జట్టు చిన్న లీగ్ గెలిచింది. ఫైనల్లో అతని బంతికి ఒకడి దవడ విరిగింది. పెద్ద లీగ్ వాళ్లు కబురు పెట్టారు: జట్టు రావచ్చు, ముఖీత్ మాత్రం రాకూడదు.

"భాయ్ లేకుండా మేం పోం," అన్నాడు రూమ్మేట్ జావెద్. మిగతా తొమ్మిదిమందీ తలలూపారు. ముఖీత్ లేచి జావెద్ మూతి మీద గుద్దాడు. అడ్డొచ్చిన ఇద్దరినీ గోడకేసి కొట్టాడు.

"ఐదేండ్లు ఈ రాళ్లల్లో పడి దొర్లినాం. పెద్ద టీములతో ఆడే ఛాన్సు నాకోసరం ఇడిసిపెడ్తారా? పోతారా, పోరా?"

"పోతాం భాయ్," నెత్తురు ఉమ్మి అన్నాడు జావెద్.

మరుసటి శుక్రవారం జట్టు పెద్ద గ్రౌండులో దిగేసరికి, వాళ్లకంటే ముందే వచ్చిన ముఖీత్ అక్కడ మ్యాట్ పరిచి చివరి మేకు కొడుతున్నాడు. రెండు దెబ్బలు పడ్డా అది దిగలేదు. జావెద్ వాచిన మూతితో ఎదురుగా కూర్చుని మేకు పట్టుకున్నాడు. ముఖీత్ ఎత్తిన సుత్తి గాల్లోనే ఆగిపోయింది.