పల్లం చూసి ఆపే యేసేపు

ఆదోనిలో యేసేపు కారు కావలసినవాళ్లు అతని ఇంటికి పోయేవాళ్లు కాదు. ఊళ్లో పల్లమున్న చోట్లన్నీ ఒకసారి చూసి వచ్చేవాళ్లు. కొండ కింది వీధి మొదట్లోనో, స్టేషను దారి దిగుడులోనో కనబడకపోతే ఎమ్మిగనూరుకు బాడుగ పోయినట్టే లెక్క.

ఆ నల్ల కారు 1938లో ఇంగ్లండులో పుట్టింది. దాన్ని తెప్పించుకున్న జిన్నింగు మిల్లు యజమాని, కొత్త కారు వచ్చాక, ఇరవై ఏళ్లు నడిపిన డ్రైవరు యేసేపుకే పాతదాన్ని ఇచ్చేశాడు. అప్పటికే దాని సెల్ఫు కాలిపోయింది. ముందు పెట్టి తిప్పే హ్యాండిలు పళ్లు అరిగి జారిపోయేది. ఆ సామాను బొంబాయిలో కూడా దొరకదన్నారు. ఇక ఇంజను అందుకోవాలంటే ఎవరైనా నెట్టాలి, లేదా కారు తనంతట తాను దొర్లాలి. ఒకరిని నెట్టమని అడగడం యేసేపుకు నామోషీ. అందుకే పల్లంలో తప్ప ఇంజను ఆపేవాడు కాదు.

పల్లం కనుక్కోవడానికి అతనికొక పద్ధతి ఉంది. ఇంజను ఆడుతుండగానే దిగి, డబ్బాలోంచి చేరెడు నీళ్లు రోడ్డు మీద పోసి, గొంతుక్కూర్చుని చూసేవాడు. నీళ్లు ఎటు పారితే కారు ముక్కు అటు తిప్పేవాడు. పారకపోతే ఇంకో పది గజాలు ముందుకు పోయేవాడు.

పద్మాబాయి ఈ తంతు మొదటిసారి చూసింది పురిటి నొప్పుల్లో. ఆసుపత్రి గేటు ముందు ఆమె వెనక సీట్లో మెలికలు తిరుగుతుంటే, అతను తాపీగా నీళ్లు పోసి చూస్తున్నాడు. బాలికల హైస్కూల్లో సైన్సు చెప్పే పద్మాబాయికి అంత నొప్పిలోనూ ఒళ్లు మండింది. కంటితో చూస్తే తెలియదా అని పళ్ల మధ్య నుంచే అడిగింది.

"కండ్లు అబద్ధం సెప్తాయి తల్లీ. నీళ్లు సెప్పవు" అన్నాడు యేసేపు.

అది నిజమేనని, పుస్తకంలో ఉన్న మాటేనని, బిడ్డ పుట్టిన మూడోనాడు మంచం మీద పడుకుని ఒప్పుకుంది.

అంతకు ముందు రెండు కానుపులు నిలవలేదు. ఈసారి బిడ్డ దక్కితే సేతుమాధవుడి పేరు పెట్టి, ఏడాది నిండేలోగా రామేశ్వరం తీసుకుపోయి ఆ స్వామికి చూపిస్తానని అత్త ఇందిరాబాయి మొక్కుకుంది. తీరా బయలుదేరాలంటే ఆమెకు రైలు పనికిరాదు. తడిపి ఆరేసిన చీర కట్టి, ఎవరినీ తాకకుండా, తన చేత్తో వండుకున్నది తప్ప తినదు. కాబట్టి 1974 మాఘ మాసంలో, పిల్లవాడికి పది నెలలు నిండగానే, యేసేపు కారు మాట్లాడారు. వెనక సీట్లో ఇందిరాబాయి, ఆమెకు తగలకుండా ఒదిగి కూర్చున్న కొడుకు విఠల్. అతను తెలుగు పంతులు. ముందు సీట్లో పిల్లవాడితో పద్మాబాయి. ఆమె సంచిలో కాచి చల్లార్చిన నీళ్ల ఫ్లాస్కు, థర్మామీటరు, గ్రైపు వాటరు, ఆరు గంటలకొకసారి పిల్లవాడి వేడి రాసిపెట్టే నోటుబుక్కు. దారి పొడుగునా ఆమె చూపు యేసేపు కాళ్ల మీదే, బ్రేకు మీద ఎప్పుడు పెడతాడా అని.

అనంతపురం, బెంగుళూరు, సేలం, తిరుచ్చి. పల్లమున్న చోటే వంట, పల్లమున్న చోటే పడక. మంచి బావి, చింతచెట్టు నీడ చూసి ఇందిరాబాయి ఆపమంటే, యేసేపు దిగి నీళ్లు పోసి, తల అడ్డంగా ఊపి ముందుకు పోనిచ్చేవాడు. మూడోసారి అట్లా జరిగాక ఆమె ఉండబట్టలేక అంది.

"నా మడికన్నా నీ కారు మడి ఎక్కువైందప్పా యేసేపూ. కనబడిన చోట కూర్చోదు."

"మీరూ నీళ్లు సల్లే కూకుంటారు, నేనూ నీళ్లు సల్లే నిలబెడతాను. ఇద్దురిదీ ఒకటే మడి గదమ్మా."

ఇందిరాబాయి మొహం తిప్పుకుంది గానీ, ఆమె భుజాలు నవ్వుతో కదలడం పద్మాబాయి ముందరి అద్దంలో చూసింది.

అప్పట్లో రామేశ్వరానికి రోడ్డు లేదు. మండపం దగ్గర కారును, యేసేపును వదిలి, ఆ కాస్త దూరం తప్పదు గనుక సముద్రం మీద రైల్లో పోయి మొక్కు తీర్చుకున్నారు. తిరుగు దారిలో కుంభకోణంలో తమ మఠం గురువుల సమాధి, బృందావనం చూడాలంది ఇందిరాబాయి. తంజావూరు దాటి చాలా దూరం వచ్చేసరికి పిల్లవాడి ఒళ్లు పేలిపోతోంది. థర్మామీటరు నూట మూడు చూపించింది. కుంభకోణం చేరితే తప్ప డాక్టరు లేడు.

రెండు పక్కలా వరి మళ్లు. ఎంత దూరం చూసినా ఒక్క మిట్ట లేదు. ఆస్పరి, దేవనకొండ మిట్టపల్లాల్లో పెరిగిన యేసేపు, ఈ దేశం పళ్లెం మాదిరి ఉందని రెండు మూడుసార్లు గొణిగాడు. ఒకచోట దారి రెండుగా చీలింది. బోర్డు మీద అరవం తప్ప ఇంకేమీ లేదు. దూరంగా ఒక ముసలమ్మ మేకలు కాస్తోంది. ఇంజను ఆడుతుండగానే యేసేపు, విఠల్ దిగి ఆమెను అడగడానికి పోయారు.

మిట్టమధ్యాహ్నం, గాలి లేదు. కాళ్ల కింది రేకు సందులోంచి పొగ లోపలికి వస్తోంది. పిల్లవాడు దగ్గాడు. పద్మాబాయి ఆ పొగ వైపు చూసింది. కార్బన్ మోనాక్సైడు. రంగుండదు, వాసనుండదు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. పోయిన నెలే పదో తరగతికి ఆ పాఠం చెప్పింది. చెయ్యి చాచి తాళం తిప్పేసింది.

ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దం వినబడ్డాక గానీ తానేం చేసిందో ఆమెకు తెలియలేదు.

యేసేపు మళ్లకు అడ్డంపడి పరుగెత్తుకొచ్చాడు. ఆమె చెయ్యి ఇంకా తాళం మీదే ఉంది. అతను డబ్బా తీసి రోడ్డు మీద నీళ్లు పోశాడు. పెనం మీద వేసిన దోసెలాగా నీళ్లు గుండ్రంగా పరుచుకుని, ఎటూ కదలకుండా నిలిచిపోయాయి.

"నా చేతులారా చేసినాను యేసేపన్నా" అంది పద్మాబాయి. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పొగ ఇడిసింది బండి తల్లీ, నువ్వు గాదు. ఇప్పుడు ఏడిస్తే బండి కదలదు. నెట్టేదానికి నేనుండాల. విఠలయ్య ఒగనితో అయ్యే పని గాదు. నువ్వు నా సీట్లో కూకో."

ఆ సీట్లో యేసేపు తన కొడుకును కూడా ఎన్నడూ కూర్చోనిచ్చింది లేదు. తనకు రాదని ఆమె అంటే, ఇన్ని దినాలు నా కాళ్లే సూస్తాండావు గదా, సూసిందంతా యాడికి పాయ అన్నాడు. పిల్లవాణ్ణి ఎవరికివ్వాలా అని ఆమె వెనక్కి తిరిగింది. ఇందిరాబాయి పొద్దున కట్టుకున్న మడిచీర ఇంకా విప్పలేదు. అప్పటికే చేతులు చాచి ఉంది.

"ఇటు తే. మడి మళ్లీ కట్టుకోవచ్చు" అని పిల్లవాణ్ణి ఒళ్లోకి లాక్కుంది.

క్లచ్చి తొక్కించి, రెండో గేరు వేసి, యేసేపు వెనక్కి పోయాడు. మొదటిసారి పద్మాబాయి భయపడి కాలు మెల్లగా తీసింది. కారు మూలిగి ఆగిపోయింది.

"మెత్తగ కాదు తల్లీ. పాలు పొంగేటప్పుడు సట్టి దించుతావు గదా, అట్ల, టక్కున."

రెండోసారి విఠల్ చెప్పులు తెగిపోయేలా నెట్టాడు. నేను చెప్పేదాకా క్లచ్చి వదలొద్దని అరుస్తూ యేసేపు నెట్టాడు. చెప్పగానే ఆమె టక్కున వదిలేసింది. కారు ఒక్క గుంజు గుంజి, దగ్గి, అందుకుంది. యేసేపు పరుగెత్తి పక్క ఫుట్‌బోర్డు మీదికి ఎక్కాడు. కిటికీలోంచి స్టీరింగు పట్టుకుని, యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యొద్దని చెబుతూ, ముసలమ్మ చూపించిన దారిలో ఫర్లాంగు దూరం అట్లాగే పోనిచ్చాడు. తర్వాత ఆమె పక్కకు జరిగితే లోపలికి వచ్చి కూర్చున్నాడు. విఠల్ చెప్పులు చేతపట్టుకుని వెనకాల పరుగెత్తుకొచ్చి ఎక్కాడు.

కుంభకోణం డాక్టరు పిల్లవాడి గొంతు వాచిందన్నాడు. సాయంత్రానికి వేడి నూటికి దిగింది. నోటుబుక్కులో ఆ అంకె రాసి బయటికొచ్చిన పద్మాబాయికి ఎదురుగా కారు లేదు. ఆమె కంగారుపడలేదు. కావేరి వంతెన దిగే చోటికి నడిచింది. యేసేపు అక్కడ, కారు పక్కన గొంతుక్కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు.

1983లో బళ్లారి పాత సామాన్లలో ఆ కారుకు సరిపోయే సెల్ఫు దొరికింది. ఊరంతా చూసేలా యేసేపు ఆదోని బజారులో నాలుగుసార్లు ఆపి నాలుగుసార్లు స్టార్టు చేశాడు. మర్నాడు ఇందిరాబాయిని మంత్రాలయం తీసుకుపోవడానికి వచ్చి, కారును మళ్లీ వీధి చివరి దిగుడులోనే నిలిపాడు. మోకాళ్ల నొప్పితో అంత దూరం నడవలేక, సెల్ఫు వచ్చిందంటివి కదప్పా అని ఆమె నిష్ఠూరమాడింది.

"సెల్ఫు మనిసి సేసిందమ్మా. పల్లం దేవుడు సేసింది" అని ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించాడు.

పద్మాబాయి ముందు సీట్లో కూర్చుంది. ఎమ్మిగనూరులో టీ కోసం అతను దిగాడు. ఇంజను ఆడుతూనే ఉంది. నాలుగడుగులు వేసి, ఈ తొమ్మిదేళ్లుగా ఒక్కసారి కూడా మరిచిపోని మాట అనడానికి, వెనక్కి వచ్చి కిటికీలోకి వంగాడు.

"తాళం మాత్రం ముట్టొద్దు తల్లీ."