కుప్ప మీద ఓర్ఫా

తూర్పు కెంటకీ కొండల మధ్య ఆ లోయలో, వేసవి వచ్చిందంటే ఎవరో ఒకరు చేతులు గోక్కుంటూ ఓర్ఫా స్టిల్ట్‌నర్ గుమ్మం ఎక్కాల్సిందే. పాయిజన్ ఐవీ అనే విషపుతీగ పాకని కంచె అక్కడ లేదు. దాని జిగురు ఒంటికి తగిలితే మర్నాటికో మూడోనాటికో చారలు చారలుగా పొక్కులు లేస్తాయి. ఓర్ఫా ముందు చీవాట్లు పెడుతుంది, తర్వాతే మందు. తగిలిన వెంటనే నీళ్లూ, గిన్నెలు తోమే సబ్బూ పెట్టి రుద్ది కడుక్కోవాలంటుంది. గోళ్ల సందులూ, గొడ్డలి పిడీ, పొదల్లో తిరిగొచ్చిన కుక్కనీ వదలకూడదంటుంది. పొక్కులు లేచాక తడిగుడ్డ, గులాబీ రంగు కాలమైన్ లోషన్. పొక్కు చితికి కారే నీటివల్ల అది పాకదు, ఉతకని చొక్కావల్ల పాకుతుందని ఎన్నిసార్లు చెప్పిందో. మొహం వాచిందా, ఇక తన దగ్గర పనిలేదు, పట్నం డాక్టరు దగ్గరికి పొమ్మంటుంది.

లోయలో పిల్లలందరికీ ఆమె నేర్పిన మాట ఒకటుంది: "మూడాకులుంటే ముట్టుకోకు, బొచ్చుతాడును పట్టుకోకు." ముదిరిన తీగ చెట్టును పట్టుకుని పాకేటప్పుడు ఒళ్లంతా బొచ్చున్న తాడులా ఉంటుంది. పిల్లలు నేర్చుకున్నారు. పెద్దవాళ్లతోనే వచ్చింది చిక్కు.

మే నెలాఖరు ఆదివారం కొండమీది సమాధులకు పూలు పెడతారు. అంతకుముందు గురువారం అక్కడి పొదలు నరికి తగలబెడతారు. ఆ పొగ లేస్తేనే కింద ఆడవాళ్లు పిండి కలపడం మొదలుపెడతారు. నిప్పు పెట్టే హక్కు స్టిల్ట్‌నర్లది. తండ్రి తర్వాత అది ఓర్ఫా మరిది హార్లన్‌కి వచ్చింది.

ఓర్ఫా భర్త ఎమిట్‌కి దక్కింది పాట. సమాధుల దగ్గర ఒక్కో పాదం అతను ఒంటరిగా ఎత్తుకుంటే జనమంతా అందుకుని సాగదీస్తారు. వయసంతా బొగ్గుగనిలో పోసిన మనిషి. ఊపిరితిత్తుల్లో ఆ దుమ్మే మిగిలింది. ఈ ఒక్కసారి అమ్మ సమాధి పక్కన నిలబడి పాడితే చాలని చలికాలమంతా అంటూనే ఉన్నాడు. ఆ గురువారం కూడా అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. గాలి సరిగ్గా అతని వైపే వీస్తోంది.

హార్లన్ కుప్పమీద కిరసనాయిలు పోయబోతుంటే ఓర్ఫా చూసింది. చలికాలం గాలికి కూలిన ఓక్ చెట్టు కొమ్మలకి బొచ్చుతాళ్లు చుట్టుకుని ఉన్నాయి. ఆపమంది.

"ఎండి కట్టెయిపోయింది గదా వదినా. ఒక్క ఆకు లేదు. చచ్చినదానికి విషమేంటి?"

"చచ్చిన పాము కోర గుచ్చుకున్నా ప్రాణం తీస్తుంది. కాలిస్తే ఆ జిగురు పొగలో లేస్తుంది. మనకయితే దురద. మీ అన్న గుండెల్లోకి పోతే ఏమవుతుందో నువ్వే చెప్పు."

ఏటా కాల్చాం, ఎవరికేమయిందన్నాడు హార్లన్. పొదలు నరికిన మగవాళ్లు నవ్వారు. కాసేపు కిందికి పోదాం రమ్మని ఆమె భర్తని బతిమాలింది. అమ్మ దగ్గర నుంచి కదలనన్నాడు ఎమిట్. మొండితనంలో అన్నదమ్ములిద్దరూ ఒక్క తల్లి బిడ్డలే. హార్లన్ అగ్గిపెట్టె తీశాడు.

ఓర్ఫా చేతులకి తొడుగులైనా లేకుండా కుప్ప ఎక్కి, ఆ తీగల మధ్యనే చతికిలబడింది.

"ఇప్పుడు గియ్యి," అంది.

తను లేస్తే పుల్ల గీస్తాడని ఆమెకి తెలుసు. అందుకే వాళ్లు గొణుక్కుంటూ తొడుగులేసుకుని, ఒక్కో తీగా లాగి దూరంగా కొండ అవతలికి విసిరేదాకా కదల్లేదు. మనిషి ఒంటికి ఆ జిగురు ఏం చేస్తుందో లోయలో ఆమెకంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరు. తెలిసే కూర్చుంది. కొమ్మలకీ జిగురు అంటుకుని ఉంటుందని ఆ కుప్పని ఎవరూ ముట్టించలేదు, ఆ ఏడు పండుగకి పొగ లేవలేదు.

ఇంటికొచ్చి ఎంత రుద్ది కడిగినా ఆలస్యమే అయింది. శనివారానికి మొహం వాచింది. పట్నం డాక్టరు మాత్రలిచ్చి, ఆమె అందరికీ పెట్టే చీవాట్లే ఆమెకీ పెట్టాడు. ఆదివారానికి కళ్లు పూర్తిగా మూసుకుపోయాయి. తోడికోడలు ట్రీవా చెయ్యి పట్టుకుని కొండ ఎక్కించి, సమాధుల దగ్గర కూర్చోబెట్టింది.

"ఊరందరికీ ముట్టుకోవద్దని చెప్పి, నువ్వు పోయి దాన్నే పరుపు చేసుకున్నావు గదక్కా."

ఓర్ఫా నవ్వబోయింది గానీ పెదవి సాగలేదు. హార్లన్ ఆమె పక్కన నిలబడి, ఎండ పడకుండా తన టోపీ ఆమె నెత్తిన పెట్టాడు.

ఎమిట్ గొంతు లేచింది. మొదటి పాదం సన్నగా, వణుకుతూ సాగి చివరిదాకా నిలిచింది. జనం అందుకున్నారు.

"కూర్చుని పాడుతున్నాడా?" అని అడిగింది ఓర్ఫా.

"లేదక్కా. నిలబడే."

రెండో పాదానికి ముందు ఊపిరి కోసం అతను చాలాసేపు ఆగాడు. తర్వాత ఎత్తుకున్నాడు. ఓర్ఫా గోక్కోకుండా చేతులు రెండూ ఒళ్లో బిగించుకుని, అందరితో పాటు అందుకుంది.