బామ్మ మడిబిందె

నా చిన్నప్పుడు ఏలూరులో మా పెరటి నూతినీళ్లతో తల రుద్దుకుంటే, నురగ మాట దేవుడెరుగు, సబ్బంతా జుట్టుకు జిడ్డులా అంటుకునేది. మా బామ్మ మాత్రం రోజూ తెల్లవారుతూనే తడిబట్టతో కాలవకెళ్లి ఓ ఇత్తడి బిందెడు నీళ్లు తెచ్చుకునేది. అది మడిబిందె. దేవుడికీ, పొద్దుటి పూట తను చేసే వంటకీ తప్ప ఆ నీళ్లు వాడేది కాదు, ఇంకెవరూ ముట్టుకోకూడదు.

సాయంత్రం వంట, ఉండి అనే ఊరి నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన మా పిన్నిది. పాపం నూతినీళ్లతోనే వండేది. ఎంతసేపు ఉడికించినా పప్పు గింజ గింజగానే ఉండేది. "వంటకి చెయ్యి ఉండాలమ్మా, అది నేర్పితే వచ్చేది కాదు" అని బామ్మ వచ్చినవాళ్లందరి ముందూ అనేది. పిన్ని పొయ్యి ఊదే నెపంతో కళ్లు తుడుచుకునేది. నాకు పిన్నంటే ప్రాణమే కానీ, బామ్మ పప్పు తింటూ ఆవిడకు ఎదురు చెప్పడం నావల్ల కాలేదు.

ఒకరోజు తాతయ్య స్నేహితులు నలుగురు భోజనానికి వస్తున్నారు. నేను గంతులేస్తూ వెళ్లి మడిబిందెను తన్నేశాను. బామ్మ పూజలో ఉంది. భయంతో గబగబా నూతినీళ్లు నింపి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

ఆ పూట బామ్మ పప్పు ఉడకలేదు. ఆవిడ కట్టెలను తిట్టింది, కందిపప్పును తిట్టింది, అది అమ్మిన కొట్టువాణ్ణీ తిట్టింది. తన చేతిని మాత్రం ఏమీ అనలేదు. అప్పటికే వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. బామ్మ ముఖం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

పిన్ని నా తడిసిన గౌను వైపు చూసింది, బిందె వైపు చూసింది. ఇన్నాళ్లూ తన పప్పు ఎందుకు ఉడకలేదో ఆవిడకు అప్పుడే అర్థమైంది. "ఇలా ఇవ్వండి అత్తయ్యగారూ" అని ఆ పప్పు వార్చి, అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి వడలు వేసింది. మడి సంగతి ఆరోజు బామ్మకు గుర్తే రాలేదు. వచ్చినవాళ్లు అడిగి మరీ వేయించుకుని, "ఎవరు చేశారండీ?" అన్నారు.

"అత్తయ్యగారేనండీ" అంది పిన్ని.

సాయంత్రం ఉండబట్టలేక బామ్మకు నిజం చెప్పేశాను. వీపు చిట్లుతుందనుకున్నాను. కానీ ఆవిడ మర్నాడు కాలవ నుంచి రెండు బిందెలు తెచ్చి, ఒకటి పిన్ని దగ్గర పెట్టి, "ఇది నీ వంటకమ్మా" అంది.

మొన్న తాడేపల్లిగూడెంలో మా కొత్తకోడలు బోరునీళ్లతో పప్పు పెట్టింది. కుక్కరు ఎనిమిది విజిల్స్ వేసినా ఉడకలేదు. మా ఆయన ఏదో అనడానికి నోరు తెరిచారు. ఆ మాట బయటికి రాకముందే ఖాళీ టిన్ను చేతిలో పెట్టి, ఆయన్ను మంచినీళ్లకు పంపించేశాను.