కోతుల మీదికి బండి తోలిన వేసవి

అది మొదలైంది ఏప్రిల్ నెల రెండో ఆదివారం, ఉదయం పదకొండుంపావుకి. మావారు పదకొండున్నర అంటారు గానీ ఆయన మాట పట్టించుకోనక్కర్లేదు, ఆ సమయానికి ఆయన మొహం మీద పేపరు కప్పుకుని ఉన్నారు. అప్పట్లో నాకు అరవై మూడేళ్ళు. డెబ్బై దాటి ఇలా కూర్చుని రాస్తుంటే తెలుస్తోంది, అరవై మూడు ఎంత లేత వయసో. మోకాళ్ళు చెప్పిన మాట వినేవి, మిద్దె మీదికి మెట్లెక్కి వెళ్ళేదాన్ని, లెక్క వేస్తే లొంగనిది ఈ లోకంలో ఏదీ లేదని నమ్మేదాన్ని. భయాలు మాత్రం అప్పటికే బాగా ముదిరి ఉన్నాయి: పిడుగు, ప్రెషర్ కుక్కరు, పరాయివాళ్ళ కుక్క, వీటన్నిటి మీదా కోతి.

మాది యాప్రాల్. అపార్ట్‌మెంటు వెనక మిలిటరీ వాళ్ళ స్థలం, నిండా చెట్లూ బండరాళ్ళూ. వేసవి ముదరగానే అక్కడి కోతులు మా మిద్దె మీదికి వచ్చేవి. వాటికి పెద్ద ఒకటుండేది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, నీళ్ళ ట్యాంకునీ పిట్టగోడనీ తనిఖీ చేస్తున్నట్టు తిరిగేది కాబట్టి దానికి కాంట్రాక్టరు అని పేరు పెట్టుకున్నాం. ఆ ఆదివారం నేను మాగాయకి ముక్కలు ఎండబెట్టి వెనక్కి తిరిగానో లేదో కాంట్రాక్టరు దిగింది. పళ్ళెం ముందు బాసింపట్టు వేసుకుని, ఒక్కో ముక్కా తీసి, ఉప్పు దులిపి మరీ తింది. నేను మెట్ల గది తలుపు వెనక నించుని సందులోంచి చూస్తున్నాను. నేనక్కడున్నానని దానికి తెలుసు. మధ్యమధ్య నా వైపు చూసి నములుతోంది. (కర్ర పట్టుకోవచ్చు కదా అంటారు మావారు. కర్ర పట్టుకుంటే దాని దగ్గరికి వెళ్ళాలి.)

ఆ వారమే అల్వాల్‌లో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాను. వాళ్ళ పక్క ఖాళీ స్థలంలో ఒక పెద్దమనిషి రిమోట్ పట్టుకుని జానెడున్నర పొడుగు ట్రక్కుని మట్టి గుట్టల మీద, రాళ్ళ మీద తోలుతున్నాడు. లావు చక్రాలు, రయ్యిమని చప్పుడు. రెండు వీధికుక్కలు దాన్ని చూసి తోక ముడిచాయి. నా బుర్రలో దీపం వెలిగింది. తలుపు వెనక నించునే యుద్ధం చెయ్యొచ్చు!

మర్నాడే ప్యారడైజ్ దగ్గర ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే ఒక షాపు పట్టుకున్నాను. షాపాయనకి ముప్ఫై ఏళ్ళుంటాయి.

"మనవడి కోసమా మేడమ్?"

"నా కోసం."

నా వైపు చూశాడు, నా చేతిసంచీ వైపు చూశాడు. "మీరే నడిపిస్తరా?"

"దేనికి? లైసెన్సు కావాలా?"

"అరే, అట్ల కాదు మేడమ్. కొత్తోళ్ళు కదా అని అడిగిన." అని కుర్చీ వేశాడు. ఆ కుర్చీలో గంటంబావు కూర్చున్నాను. మోటారు రెండు రకాలుట, నేర్చుకునేవాళ్ళకి చవకదీ మొండిదీ అయిన పాతరకమే మంచిదిట. మోటారుకి ఎంత కరెంటు వదలాలో చూసుకునే చిన్న పెట్టె ఒకటి, దాని పేరు స్పీడ్ కంట్రోలర్. రిమోట్ చెప్పే మాట వినే రిసీవరు ఇంకొకటి. అన్నీ నీళ్ళు పడినా తట్టుకునేవే కావాలన్నాను. ఇక బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి అంకెలు ఎక్కువై నాకు హుషారొచ్చింది. "వోల్టులంటే ట్యాంకు ఎంత ఎత్తుల ఉందో అది మేడమ్. పక్కన వేలల్ల ఉందే, అది ట్యాంకుల ఎన్ని నీళ్ళున్నయో. ఈ సి అని రాసింది చూడండి, అది నల్లా ఎంత లావుందో," అన్నాడు. నీళ్ళ ట్యాంకర్ల కోసం కొట్టుకునే యాప్రాల్‌లో ఉంటున్నదాన్ని, నాకు వెంటనే ఎక్కింది.

"ఫస్ట్ టైం కదా, నికెల్ బ్యాటరీ తీస్కోండి. బరువుంటది, జెర స్లో, కానీ మస్తు సాధువు. లిథియం అయితే పవర్ ఎక్కువ, నఖ్రాలు కూడా ఎక్కువ."

"ఏం నఖ్రాలు?"

"ఎక్కువ ఛార్జ్ చేస్తే కోపం, పూర్తిగ ఖాళీ చేస్తే కోపం, కింద పడేస్తే కోపం. కోపమొస్తే ఉబ్బుతది. ఇంకా కోపమొస్తే అంటుకుంటది."

ప్రెషర్ కుక్కరుకే పక్క గదిలోంచి దణ్ణం పెట్టే మనిషిని. మారు మాట్లాడకుండా నికెల్ తీసుకున్నాను.

సాధువు సాధువులాగే ప్రవర్తించింది. మిద్దె మీద ట్రక్కుని కాంట్రాక్టరు మీదికి తోలితే అది పారిపోలేదు సరికదా, పక్కనే నాలుగడుగులు తోడు నడిచి, విసుగుపుట్టి, చేత్తో దాన్ని వెల్లకిలా తిప్పేసింది. చక్రాలు గాల్లో తిరుగుతుంటే పిల్ల కోతులు చుట్టూ చేరి చూశాయి. తలుపు వెనక నా పరువు పోయింది. ఆ వారం మళ్ళీ ప్యారడైజ్ వెళ్ళి లిథియం అడిగాను. షాపాయన జాగ్రత్తలు చెబుతుంటే బిల్లు వెనక రాసుకున్నాను: ఛార్జింగ్ పెట్టి ఇంట్లోంచి కదలకూడదు, గుడ్డల దగ్గర పెట్టకూడదు, గుచ్చకూడదు, నలపకూడదు. నిప్పు గురించి ఆయనన్న ప్రతి ముక్కా రాసుకున్నాను. అదే ఊపులో ఇంకొకటి కూడా చెప్పాడు. స్పీడ్ కంట్రోలర్ పక్కన గోరంత ప్లాస్టిక్ ముక్క ఉంటుందిట, బ్యాటరీ రకం మారిస్తే దాన్ని కూడా తీసి రెండో వైపు గుచ్చాలిట. అప్పుడే కొత్త బ్యాటరీ ఎంత ఖాళీ అయ్యాక మోటారుని ఆపాలో ఆ పెట్టెకి తెలుస్తుందిట. నేనప్పుడు 'అంటుకుంటది' కింద గీత గీస్తున్నాను. భయపెట్టే మాటలన్నీ ఇంటికొచ్చాయి, పనికొచ్చే మాట షాపులోనే ఉండిపోయింది.

ఇంట్లో ఆ బ్యాటరీని ఖాళీ ఆవకాయ జాడీలో పెట్టి, జాడీని బాల్కనీలో పెట్టి, పక్కన బకెట్టుతో ఇసక పెట్టాను. ఛార్జింగ్ అవుతున్నంతసేపూ ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా. "ఏమే, పులిని తెచ్చి కట్టేసినట్టుందే," అన్నారు మావారు. "బట్టలారేసుకోడానికి కూడా నీ పర్మిషన్ కావాలా?" కావాలన్నాను. అయితేనేం, ట్రక్కు మాత్రం బాణంలా దూసుకెళ్ళింది. కాంట్రాక్టరు మొదటిసారి పిట్టగోడ దూకింది. వారం పాటు మా మిద్దె మాదే.

ఇక్కడ ఖాలా గురించి చెప్పాలి. మూడో అంతస్తులో ఉంటుంది. నాకంటే రెండేళ్ళు చిన్న, అయినా అపార్ట్‌మెంటంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తుంటే నాకూ అలవాటైంది. పచ్చళ్ళూ కారాలూ చేసి అమ్ముతుంది, వేసవి రెండు నెలల సంపాదనే ఏడాదంతా ఆవిడ ఇల్లు నడపాలి. ఆ ఏడు ఒక పెళ్ళివారి పచ్చళ్ళ కోసం ముప్ఫై కిలోల మిరపకాయలు ఏరి, తుడిచి, మిద్దె మీద పాత బొంత పరిచి ఎండబోసింది. నా ట్రక్కు ప్రతాపం విని నా దగ్గరికొచ్చింది. "అక్కా, చిలకలగూడల మా మరదలికి బాగలేదంట, జెర చూసొస్త. కోతులు వస్తే మిర్చి మొత్తం ఖరాబ్ చేస్తయి. నీ బండి ఉంది కదా, రెండు గంటలు చూస్తవా?" నేను ఛాతీ విరుచుకుని "నిశ్చింతగా వెళ్ళు," అన్నాను.

ఆవిడ వెళ్ళాక ట్రక్కు కదల్లేదు. రెండు రోజుల కిందట అకాల వర్షం పడి మిద్దె మీద నిలిచిన నీళ్ళలో దాన్ని తోలాను. అసలు సంగతేమిటంటే, ఆ గోరంత ముక్క మార్చలేదు కాబట్టి బ్యాటరీ అడుగంటా ఖాళీ అయిపోయింది. కానీ నాకు తట్టింది ఒకటే, చెమ్మ పట్టిందని. మా ఇంట్లో కందిపప్పు చెమ్మగిల్లినా, అప్పడాలు మెత్తబడినా, పట్టుచీర వాసనేసినా, పరుపు బరువెక్కినా మందు ఒక్కటే. బ్యాటరీని తీసి, పొడిగుడ్డతో తుడిచి, స్టీలు పళ్ళెంలో పెట్టి, మే నెల ఎండలో మిరపకాయల పక్కన పెట్టాను. సమానంగా ఎండాలని కాసేపయ్యాక రెండో వైపుకి తిప్పాను కూడా.

మెట్ల గది నీడలో కూర్చుని మళ్ళీ చూసేసరికి బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. షాపాయన గొంతు చెవిలో వినిపించింది: కోపమొస్తే ఉబ్బుతది. ఎండిన మిరపకాయ అంటుకుంటే ఏమవుతుందో పోపు మాడ్చిన ప్రతి ఆడదానికీ తెలుసు. ఒక్క కాయ మాడితే ఇల్లంతా దగ్గు, ఇక్కడున్నవి ముప్ఫై కిలోలు. ఇసక బకెట్టు కింద బాల్కనీలో ఉంది. దానికోసం దిగితే మిరపకాయలకి దిక్కు లేదు, ఉండి ఆ పళ్ళెం పట్టుకుంటే నాకు లేదు. ఫోను చేస్తే మావారు ఎత్తలేదు, భోజనం చేసి పడుకున్నారు. దేవుడా, రెండడుగులు ముందుకి, ఒకటి వెనక్కి వేస్తూ నేను అవస్థ పడుతుండగా పిట్టగోడ మీదినుంచి ఒక చెయ్యి వచ్చి బ్యాటరీని తీసుకుంది. కాంట్రాక్టరు! ఉబ్బి, మెరుస్తూ ఉందేమో, తినేదనుకుంది. సరిగ్గా మిరపకాయల పైన గోడెక్కి కూర్చుని వాసన చూడ్డం మొదలుపెట్టింది.

అప్పుడే ఖాలా ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "అక్కా, గా కోతి చేతిల ఏందది? చిప్స్ పాకెట్టా?"

"బ్యాటరీ. నాదే."

"గట్ల ఉబ్బిందేంది?"

"ఎండలో పెట్టాను."

"బ్యాటరీని ఎండల ఎందుకు పెట్టినవ్?"

"ఖాలా, అది కొరికితే మంటలొస్తాయి," అన్నాను.

ఖాలా కోతిని చూసింది, దాని కింద తన మిరపకాయల్ని చూసింది. "యా అల్లా. పెళ్ళోళ్ళకు నేనేం చెప్పాలె?" అని, కొంగు నడుముకి దోపి బొంత అంచు పట్టుకుంది. "నేను దీన్ని గుంజుత. నువ్వు దాన్ని మాటలల్ల పెట్టు."

"కోతినా?"

"మరి నా మిర్చినా?"

మాటల్లో పెట్టడానికి నా దగ్గరున్నది ఆ రోజు ఎండబెట్టి, కోతుల భయంతో మెట్ల గదిలోకి తెచ్చిపెట్టుకున్న మాగాయ పళ్ళెం ఒక్కటే. అది రెండు చేతులతో పట్టుకుని తలుపు దాటాను. ఆ నడక నా కాళ్ళకి ఇంకా గుర్తుంది. ముక్కలు పళ్ళెంలో గలగలమంటున్నాయి. "ఇటు రండి," అన్నాను. "ఇటు దయచెయ్యండి, బాబూ." (కోతిని 'మీరు' అన్నందుకు ఖాలా ఇప్పటికీ నవ్వుతుంది. ఆ క్షణంలో ఏకవచనం పెట్టి కోపం తెప్పించే ధైర్యం నాకు లేదు.) కాంట్రాక్టరు గోడ దిగింది. ఒక చేత్తో బ్యాటరీ పట్టుకుని, మూడు కాళ్ళ మీద, నా వెంటే వచ్చింది. నేను వెనక్కి నడుస్తున్నాను, అది ముందుకి వస్తోంది, దాని పళ్ళు నాకు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనబడుతున్నాయి. అటు ఖాలా మూలుగుతూ బొంత లాగుతోంది. ట్యాంకు మూలకి చేరి పళ్ళెం కింద పెట్టి గోడకి అతుక్కుపోయాను. అది పళ్ళేన్ని చూసింది, చేతిలోదాన్ని చూసింది, ఏది మేలో తేల్చుకుంది. బ్యాటరీని విసిరికొట్టి, పళ్ళెంతో సహా ట్యాంకెక్కింది.

బ్యాటరీ వెళ్ళి అక్కడే నిలిపిన నా ట్రక్కు ముందరి ఇనప కమ్మీకి తగిలింది. బుస్సుమంది. తెల్లటి పొగ, దాని వెనక నాలిక చాపినట్టు మంట, ట్రక్కు కూడా అంటుకుంది. ఖాలా బొంత వదిలి పరుగున వచ్చి, దొరికిన కరివేపాకు కుండీ ఎత్తి మట్టంతా దాని మీద బోర్లించింది. ఇంకో కుండీ. ఇంకోటి. అంతా అణిగాక మావారు మిద్దెక్కి వచ్చి, "ఏదో మాడిన వాసన. పోపా?" అన్నారు.

మంట కంటే పెద్ద భయం అప్పుడు మొదలైంది. పొగ గాలికి మిరపకాయల వైపే పోయింది. వాసన పడితే ఆ సరుకు పచ్చడికి పనికిరాదు. ఖాలా వెళ్ళి, మంటకి దగ్గరగా ఉన్న అంచులోంచి ఒక కాయ తీసి, వాసన చూసి, విరిచి, సగం నోట్లో వేసుకుని నమిలింది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. మిగతా సగం నాకిచ్చింది. "తిను." తిన్నాను. ఇద్దరికీ కళ్ళంట నీళ్ళు కారాయి. "కారమే ఉంది," అంది. "పొగ లేదు."

ఇప్పుడు నేను ఆ మూలకి నడవాలంటే గోడ పట్టుకోవాలి. పళ్ళెం పట్టుకుని కోతికి దారి చూపిస్తూ వెనక్కి నడిచిన ఆ అరవై మూడేళ్ళ పిల్ల ఎవరో నాకు తెలిసినామెలా ఉంటుంది. ఎదురైతే ముందు రెండు తిట్టి, తరవాత మంచినీళ్ళిస్తాను.

ఆ మధ్యాహ్నం పోయినవి: లిథియం బ్యాటరీ ఒకటి. ట్రక్కు ఒకటి, మోటారూ స్పీడ్ కంట్రోలరూ రిసీవరుతో సహా. కరివేపాకు మొక్కలు మూడు, అందులో ఒకటి మళ్ళీ చిగిర్చింది కాబట్టి రెండు. మాగాయ ముక్కలు పళ్ళెడు, పళ్ళెం కూడా. మిరపకాయ, ఒకటి.