ఊసులాడే వేగం

ముందే చెప్పేస్తున్నాను: నేను కోతలు కోస్తాను. మా ఇంట్లో కుట్టిన చీమ వీధి చివరికి చేరేసరికి తేలవుతుంది. కాబట్టి ఇది సగానికి సగం తగ్గించుకుని చదవండి. కానీ ఈ తెల్లవారుజామున చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి చెరకు మడ్డి వాసన గుప్పుమన్నప్పుడు, బూట్ల తాళ్లు రెండుసార్లు విప్పి మళ్లీ కట్టుకున్న మాట మాత్రం తగ్గించకండి. ఆ వాసనతోనే పైడితల్లి మేడమ్ గుర్తొస్తారు.

మా పక్కింటావిడ. హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా రిటైరయ్యారు. ఆవిడ విజిల్ ఊదితే ఎక్కడో మాడుగులలో హల్వా కలిపే గరిటె ఆగిపోయేది. కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని, కాన్వాస్ బూట్లతో చీడికాడ రోడ్డు మీద పరిగెత్తేవారు. చక్కెర ఊళ్లో ఉండి షుగరు తెచ్చుకున్న నన్నూ లాక్కుపోయేవారు. నా బొజ్జ నాకంటే ఒక మలుపు ముందుండేది. ఆవిడది ఒకటే నియమం: ఊసులాడగలిగినంత వేగంగానే పరిగెత్తాలి. కబుర్లు ఆగాయంటే వేగం ఎక్కువైనట్టే. "పోటీల్లో పరిగెట్టినన్నాళ్లూ ఎవులితోనూ మాటాడ్లేదు బాబూ. పతకాలొచ్చేయి గానీ పక్కన పరిగెట్టినోళ్ల పేర్లు తెలీవు" అన్నారోసారి.

ఆ రోజుల్లోనే మా ఆవిడ రొమ్ములో గడ్డ కనబడింది. విశాఖలో ముక్క తీసి పరీక్షకు పంపారు. మర్నాడు నేను చెరకు లారీలను దాటేసి పరిగెత్తాను (సరే, ఆగి ఉన్న లారీలే). నోరు తెరిస్తే ఆ మాటే బయటపడుతుందని భయం. వెనక నుంచి విజిల్.

"ఒరే బాబూ! ఊసు లేదేటి? ఎవులు తరుముతన్నారు నిన్ను?"

"ఎవరూ లేరు మేడమ్."

"మరెందుకురా నోరు కట్టేసుకుని పారిపోతన్నావు? మెల్లగా రా. సెప్పు."

వేగం తగ్గించాను. ఊపిరితో పాటు మాటా వచ్చింది. అంతా చెప్పాను. ఏడుస్తూ కూడా పరిగెత్తవచ్చని ఆ రోజే తెలిసింది.

"బయమేస్తందని ఆ గుంటకి, నీ పెళ్లానికి సెప్పేవా?"

"లేదు. జోకులేసి నవ్విస్తున్నాను."

"దానికీ బయమే కదరా! ఇద్దరూ సెరో రోడ్డూ పట్టుకుని పరిగెడతన్నారు." ఆపైన "ఏటీ కాదులే" అని నా భుజం తట్టారు.

ఇంటికెళ్లి మా ఆవిడతో నాకు భయంగా ఉందన్నాను. "హమ్మయ్య, నాకొక్కదానికే అనుకున్నాను" అంది.

గడ్డ చెడ్డదే అయింది. వైద్యం జరిగింది, మా ఆవిడ కోలుకుంది. మేడమే ఇప్పుడు లేరు. మా ఆవిడకి ఏటా జరిగే పరీక్ష తాలూకు రిపోర్టు ఈ రోజే వస్తుంది. కాసేపట్లో ఇద్దరం విశాఖ బస్సెక్కాలి. ఈలోగా చెరకు తోటల మధ్య ఒక్కణ్ణే, నా భయాన్ని పైకి చెప్పుకుంటూ పరిగెడుతున్నాను. ఆటోల వాళ్లు చెవిలో ఫోనుందనుకుంటారు.

ఇక నా కోత ఎక్కడో చెప్పాలి. హల్వా గరిటె గురించి నన్నడగకండి, దాన్ని వదులుకోలేను. "ఏటీ కాదులే" అని మాత్రం మేడమ్ అనలేదు. ఆ మాట నేనే కల్పించి, ఇన్నేళ్లుగా ఆవిడ నోట పలికించుకుంటున్నాను. ఆవిడ నిజంగా అన్నది ఇంతే:

"ఏటవుద్దో నాకూ తెలీదు బాబూ. ఊసు ఆపకు."